డిస్‌ప్లే రావట్లేదు

విదేశాల్లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకునే తెలుగువాడికి ఇంటి నుంచి తప్పకుండా వచ్చే ఫోన్లు కొన్నుంటాయి. ఎవరిదో పెళ్ళి సంబంధం గురించి వాకబు, ఎవరి అబ్బాయికో ఎమ్మెస్‌కి ఏ యూనివర్సిటీ మంచిదో చెప్పమని, ఆ తర్వాత ఇది: "కంప్యూటరు ఆన్ అవుతోంది గానీ డిస్‌ప్లే రావట్లేదు." ఫ్యాను తిరుగుతుంది, ముందర పచ్చలైటు వెలుగుతుంది, మానిటరు మాత్రం నల్లమొహం వేసుకుని కూర్చుంటుంది. నేను రోజూ చేసేది ఒక బీమా సంస్థ కోసం జావాలో ప్రోగ్రాములు రాయడం. వంటవాడికీ గ్యాస్ స్టవ్వు రిపేరుకీ ఎంత సంబంధమో, నాకూ ఈ పనికీ అంత. అయినా "కంప్యూటర్లలో మాస్టర్స్ చేశావు కదా, ఆ మాత్రం తెలీదా?" అన్నాక ఇంక తప్పించుకునే దారేదీ?

ఇలాంటి ఫోన్లు ఎక్కువయ్యాక నాకు చిట్కాల మీద కన్నా, అసలు ఈ యంత్రం అలా ఉలుకూ పలుకూ లేకుండా ఎందుకు కూర్చుంటుందన్న దాని మీద ఆసక్తి పెరిగింది. వెతుక్కుంటూ పోతే ఆ కథలో మంచి భాగాలు కొన్ని నేనుండే టొరాంటో చుట్టుపక్కలే జరిగాయని తెలిసింది. అదే చెబుతాను. చిట్కాలు దారిలో అవే వస్తాయి లెండి.

1952లో టొరాంటో విశ్వవిద్యాలయానికి ఇంగ్లండు నుంచి ఒక కంప్యూటరు వచ్చింది. మాంచెస్టరులోని ఫెరాంటీ కంపెనీ తయారుచేసిన మార్క్ 1 నమూనా యంత్రం. ముందు అనుకున్న కొనుగోలు అక్కడ రద్దవడంతో ఇక్కడికి చేరింది. బియాట్రిస్ వర్స్‌లీ అనే ఆవిడ దానికి 'ఫెరట్' అని పేరు పెట్టింది. ఫెరాంటీలోంచి కొంత, యూనివర్సిటీ ఆఫ్ టొరాంటోలోంచి కొంత. సెయింట్ లారెన్స్ జలమార్గం తవ్వకముందు నీళ్ళు ఎక్కడ ఎంత ఎత్తున నిలుస్తాయో లెక్కలు కట్టడానికి క్రిస్టఫర్ స్ట్రేచీ ఇంగ్లండు నుంచి వచ్చి దీని మీదే పనిచేశాడు.

ఇవాళ మనం తెర అనుకునేది దానికి లేదు. క్యాథోడ్ రే గొట్టాలు ఉన్నాయి గానీ అవి మెమరీ కోసం. గొట్టం ముఖం మీద విద్యుదావేశపు చుక్కల రూపంలో అంకెల్ని దాచేవాళ్ళు. పక్కన ఇంకో గొట్టంలో ఆ చుక్కల్నే ఉన్నవి ఉన్నట్టు చూడొచ్చు. చూసినవాడికి అర్థమైతే అయినట్టు, లేకపోతే లేదు. ఫలితాలు టెలిప్రింటరు మీదా, చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ మీదా వచ్చేవి. వీటన్నిటితో పాటు ఆ నమూనా యంత్రాల్లో ఒక లౌడుస్పీకరు కూడా ఉండేది. దాన్ని మోగించడానికి ప్రత్యేకంగా ఒక ఆదేశమే ఉంది, 'హూట్' అని. ఒకసారి ఇస్తే చిన్న చప్పుడు, వెంటవెంటనే ఇస్తూ పోతే ఒక స్వరం. ఎలన్ ట్యూరింగ్ 1951లో రాసిన ప్రోగ్రామర్ల కరదీపికలో దీని వివరం ఉంది. ఇందాకటి స్ట్రేచీ మాంచెస్టరులో దాంతో పాట కూడా వాయించాడు. అదే ఏడాది బీబీసీ వాళ్ళు ఆ యంత్రం పాటల్ని రికార్డు చేశారు. పాటలు సరదాకే. యంత్రం పని ముగించిందో, ఎక్కడైనా ఇరుక్కుందో గదిలో ఇంకో మూల ఉన్న మనిషికి తెలియడం అసలు ప్రయోజనం. అంటే చూపించడం కన్నా ముందు కంప్యూటరు కూయడం నేర్చుకుందన్నమాట!

మన వైపు కథ దీపాలతో మొదలైంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ స్థాపించారు. ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీదే ఉంది. అక్కడ అద్దెకున్నవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో మరి. 1969లో ఆ సంస్థ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటరు వచ్చింది, ట్రాంబేలో రూపకల్పన చేసినది. ఆ తరం మినీ కంప్యూటర్లకు ముందు పలక మీద వరసగా మీటలు, దీపాలు ఉండేవి. ఏ దీపం వెలిగింది, ఏది ఆరింది అన్నదాన్ని బట్టి లోపల ఏ అంకె ఉందో, యంత్రం ఎక్కడ ఆగిందో పనివాడు చదువుకునేవాడు. తెర లేకపోతే ఎలా అన్న ప్రశ్న అప్పట్లో ఎవరికీ రాలేదు.

తెర తప్పనిసరి అయింది మన బల్లల మీదికి పీసీ వచ్చాక. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని ప్రకటించింది. అందులో ఇప్పటి ఫోన్లన్నిటికీ మూలమైన నిర్ణయం ఒకటుంది. మదర్‌బోర్డు మీద బొమ్మ చూపించే సరంజామా ఏమీ పెట్టలేదు. అది విడి కార్డు. వ్యాపారస్తుడైతే అక్షరాలు మాత్రమే చూపించే కార్డు కొనుక్కుంటాడు, రంగులు కావాలంటే ఇంకోటి. ఏది తగిలించారో బోర్డు మీదున్న బుల్లి స్విచ్చులతో యంత్రానికి చెప్పాలి.

ఇప్పుడు ఆ పీసీ నిద్ర లేచే వరస చూడండి. ముందు పవర్ సప్లై, వోల్టేజీలన్నీ సరిగ్గా ఉన్నాయని సంకేతం ఇవ్వాలి. అప్పుడు ప్రాసెసరు మేలుకుని 8 కిలోబైట్ల బయోస్‌లో మొదటి ఆదేశం చదువుతుంది. తనను తాను పరీక్షించుకుంటుంది. బయోస్ చెడిపోలేదని లెక్క సరిచూసుకుంటుంది. టైమర్లవీ చూస్తుంది. మెమరీలో మొదటి 16 కిలోబైట్లలో రాసి, తిరిగి చదివి చూస్తుంది. ఇవన్నీ సరే అనుకున్నాకే వీడియో కార్డు వంతు. ఈ తంతు పేరే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్, పొట్టిగా పోస్ట్. వీడియో కార్డు దాకా రాకముందే ఎక్కడైనా తేడా వస్తే, ఆ సంగతి తెర మీద రాయడానికి తెర ఇంకా లేదు కదా! అందుకని డబ్బాలో ఒక చిన్న స్పీకరు పెట్టారు. అంతా బాగుంటే ఒక పొట్టి బీప్. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే వీడియో కార్డుతో ఇబ్బంది. అసలేమీ లేకపోతే ఇంకా కిందనే, పవర్ దగ్గరో బోర్డు దగ్గరో చూసుకోవాలి.

'డిస్‌ప్లే రావట్లేదు' అన్న మాట జ్వరం వచ్చిందన్న మాట లాంటిదని దీన్ని బట్టి తెలుస్తోంది. ర్యామ్ కదిలినా అదే, ప్రాసెసరు పోయినా అదే, మానిటరు కేబులు ఊడినా అదే. అమీర్‌పేటలో మూడు నెలల హార్డ్‌వేరు కోర్సు చేసినవాడు ముందుగా కేబులు చూసి, తర్వాత ర్యామ్ తీసి పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టేది అందుకే. ఆ పనిని చూసి నవ్వేవాళ్ళున్నారు గానీ నేను నవ్వను. మన ఉక్కపోతకి ఆ అంచుల మీద మురికీ చిలుమూ పేరుకోవడం మామూలే. (ఇక్కడి చలికాలంలో గొడవ ఇంకో రకం. గాలి ఎండిపోయి, తివాచీ మీద నాలుగడుగులు నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కుమని నిప్పురవ్వ. ఆ చేత్తోనే ర్యామ్ పట్టుకోకండి, ముందు కేబినెట్ ఇనుము తాకండి.)

ఐబీఎం తన బయోస్ ప్రోగ్రాము మొత్తాన్నీ సాంకేతిక గ్రంథంలో అచ్చేసింది. దాన్ని చూసి రాస్తే కాపీరైటు గొడవ. అందుకని ఫీనిక్స్ అనే కంపెనీ 1984లో ఆ అచ్చు చూడనివాళ్ళతో కొత్తగా రాయించి అమ్మింది. మరుసటేడాది అమెరికాలో సుబ్రమోనియన్ శంకర్ గారు ఇంకొకరితో కలిసి అమెరికన్ మెగాట్రెండ్స్ పెట్టారు. అవార్డ్ అని ఇంకో కంపెనీ. మంచిదే, చవగ్గా పీసీలొచ్చాయి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఏ పార్టుకా పార్టు కొని బిగించుకునే రోజులొచ్చాయి. కానీ కూతల భాష మాత్రం ఎవరి యాస వారిది అయిపోయింది. అవార్డ్ ఐబీఎం పద్ధతినే ఒక పొడుగు, రెండు పొట్టి అంటుంది. అమెరికన్ మెగాట్రెండ్స్ అదే సంగతి చెప్పడానికి ఎనిమిదిసార్లు కూస్తుంది. ఫీనిక్స్ అయితే గుంపులు గుంపులుగా, ఒకటి ఆగి మూడు, ఆగి నాలుగు... టెలిగ్రాఫు ఆఫీసులో కూర్చున్నట్టుంటుంది. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ నుంచి ఇంకో దారి కూడా తోడైంది. ప్రతి పరీక్షకూ ముందు దాని సంఖ్యను 80వ నంబరు పోర్టుకి పంపడం మొదలుపెట్టారు. రెండంకెలు చూపించే చిన్న కార్డు తగిలిస్తే యంత్రం ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. రిపేరు షాపుల్లో ఎర్రగా వెలిగే అంకెలతో మీరు చూసే ఉంటారు.

వీడియో కార్డు విడిగా ఉండటం వల్ల బాగుపడ్డ ఊళ్ళలో మావీ ఉన్నాయి. మాంట్రియల్ పక్కన డోర్వాల్‌లో 1976లోనే లోర్న్ ట్రాటియే, బ్రాంకో మాటిచ్ కలిసి మాట్రాక్స్ పెట్టారు. ఇద్దరి పేర్లలోని ముక్కలే కంపెనీ పేరు. 1985లో టొరాంటో దగ్గర క్వాక్ యువెన్ హో, లీ లావు, బెన్నీ లావు అనే వలసదారులు ఏటీఐ మొదలుపెట్టారు. 1987లో వాళ్ళు తెచ్చిన ఈజీఏ వండర్ కార్డు పేరులోని గొప్పంతా ఒకే విషయంలో ఉంది: కొత్త రకం బొమ్మల్ని మీ దగ్గరున్న పాత మానిటరు మీద కూడా చూపించగలగడం. అప్పట్లో ఒక కార్డుకి ఇంకో రకం మానిటరు తగిలిస్తే బొమ్మ రాకపోవడమే కాదు, మానిటరు చెడిపోయే ప్రమాదం కూడా ఉండేది. 2000లో రేడియాన్ వచ్చింది. 2006లో ఏఎమ్‌డీ 540 కోట్ల డాలర్లకి ఏటీఐని కొనేసింది. 2010లో ఆ పేరు కూడా తీసేశారు. మార్కమ్‌లో వాళ్ళ ప్రధాన కార్యాలయం ఉన్న కామర్స్ వ్యాలీ డ్రైవ్ మీదుగా నేను కూరగాయలకి వెళ్తుంటాను. ఎర్ర అక్షరాల ఏటీఐ బోర్డుని నేను ఫోటోల్లో మాత్రమే చూశాను.

ఇదంతా చదివిన జ్ఞానం నాకు పోయిన చలికాలం అక్కరకొచ్చింది. తెనాలిలో మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. 2004లో కొన్న అసెంబుల్డ్ పీసీలో, అను ఫాంట్లతో పేజ్‌మేకరులో, మా ఊరి చరిత్ర రాసుకుంటూ వచ్చారు. కాలవ తవ్వినప్పటి ముచ్చట్లు, పాత ఇళ్ళ పేర్లు, ఎవరు ఏ ఊరి నుంచి వలసొచ్చారు... ఆయనకి చెప్పిన ముసలివాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఇరవయ్యేళ్ళుగా ఆయన ఇంకో కంప్యూటరు ముట్టలేదు. ఒకరోజు డిస్‌ప్లే రాలేదు. దగ్గర్లోని షాపు కుర్రాడు వచ్చి చూసి, "బోర్డు పోయింది మాస్టారూ, వీటికి పార్టులు దొరకవు, కొత్తది తీసుకోండి" అన్నాడట. హార్డ్ డిస్కు తీసి ఫైళ్ళు కాపీ చేస్తానన్నాడు. చెయ్యొచ్చు. కానీ యూనికోడ్ కాని ఆ ఫైళ్ళని కొత్త కంప్యూటర్లో తెరిస్తే వచ్చేది ఇంగ్లీషు అక్షరాల చెత్త. వాటిని తెలుగుగా చూపించే సామగ్రి అంతా ఆ ఒక్క డబ్బాలోనే సిద్ధంగా ఉంది.

ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ పొద్దున్న ఎనిమిది. "నాన్నా, స్విచ్చి వేస్తే కూత ఏమన్నా వినపడుతోందా?"

"ఏం కూతరా, ఫ్యాను గోల తప్ప!"

వాట్సాప్‌లో నాకూ ఏమీ వినపడలేదు. నేపథ్యంలో చప్పుళ్ళని వడగట్టే తెలివితేటలు దానికున్నాయి కదా. మామూలు ఫోను చేసి, దాన్ని కేబినెట్ పక్కన పెట్టమన్నాను. నిజంగానే ఏమీ లేదు. ప్లగ్గు పీకించి, ర్యామ్ ముక్క తీయించి, ఈసారి ర్యామ్ లేకుండా ఆన్ చెయ్యమన్నాను. "లేకుండానా?" అని రెండుసార్లు అడిగారు. ఆన్ చెయ్యగానే పొడుగాటి కూత, ఆగి మళ్ళీ కూత, అలా ఆగకుండా. నాకెంత సంతోషం వేసిందో! ర్యామ్ లేదని ఫిర్యాదు చెయ్యగలిగిందంటే పవర్ ఉంది, ప్రాసెసరు బతికే ఉంది, బయోస్ బాగుంది, బోర్డు కూడా చాలా వరకు బాగున్నట్టే. రబ్బరు పెట్టి రుద్ది ర్యామ్ మళ్ళీ పెట్టించాను. ఈసారి ఒక పొడుగు, రెండు పొట్టి. ఐబీఎం వాళ్ళు 1981లో పెట్టుకున్న గుర్తు తెనాలి నుంచి మార్కమ్‌కి స్పష్టంగా వినపడింది.

వీడియో కార్డన్నమాట. నేను ఇంటర్మీడియట్‌లో ఉండగా గేముల కోసం వేయించిన కార్డు అది. దాన్ని పీకించి, మానిటరు తీగని బోర్డు మీదే ఉన్న పాత సాకెట్టుకి పెట్టించాను. "వచ్చిందిరోయ్!" అని ఒక కేక. ఆ ఫోన్లోనే అమ్మని పిలవడం కూడా వినపడింది. అప్పట్నుంచి ఆయన ఒక్కో అధ్యాయాన్నీ పీడీఎఫ్ చేసి పంపిస్తున్నారు. యూనికోడ్‌లోకి మార్చే పని నాది. మారిన దాంట్లో ఒత్తులు అటూ ఇటూ అవుతాయి, శనివారాలు దానికే సరిపోతున్నాయి.

పీకిన కార్డు ఫోటో తీసి పంపమంటే అందులో మూడు కెపాసిటర్ల నెత్తిన బొడిపెలు, ఒకదాని మీద గోధుమరంగు మరక. ఇది కూడా ఒక చరిత్రే. 1999 నుంచి 2007 దాకా తయారైన బోర్డులూ పవర్ సప్లైలూ ఇలా లెక్కలేనన్ని చచ్చిపోయాయి. కెపాసిటరులో ఉండే ద్రవంలో నీళ్ళ పాలు ఎక్కువ. అది అల్యూమినియంని తినకుండా ఆపే రసాయనాలు సరైన పాళ్ళలో కలపకపోతే వాయువు పుట్టి డబ్బీ ఉబ్బుతుంది. ఒక జపాను కంపెనీ ఫార్ములా దొంగతనంగా చేతులు మారి, సగం మాత్రమే తైవాను చేరిందని 2003 ప్రాంతంలో పత్రికలు రాశాయి. గూఢచారి సినిమాలాగా బాగుంటుంది గానీ, అన్నేళ్ళ పాటు అన్ని కంపెనీల సరుకు పాడవడానికి ఒక్క దొంగతనమే కారణమంటే నేను నమ్మలేను. చవగ్గా కొందామన్న తొందర అందరిదీ. 2005లో డెల్ ఆప్టిప్లెక్స్ కంప్యూటర్ల ఖర్చు కింద 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సొచ్చింది.

ఆ తర్వాతది సీసం కథ. ఐరోపాలో 2006 జూలై 1 నుంచి ఎలక్ట్రానిక్ సామాన్లలో సీసం వాడకం మీద ఆంక్షలొచ్చాయి. కొత్త టంకం గట్టిగా ఉంటుంది గానీ వేడెక్కీ చల్లారీ పగుళ్ళిచ్చే గుణం గురించి అప్పటికింకా అనుభవం తక్కువ. చిప్పుల కింది పదార్థాలతో వచ్చిన లోపానికి 2008లో ఎన్విడియా 15 నుంచి 20 కోట్ల డాలర్ల దాకా కేటాయించింది. పోయిన వీడియో కార్డుని వంటింటి ఓవెన్‌లో పెట్టి కాల్చి బతికించామని జనం చెప్పుకున్న రోజులవి. కొన్నాళ్ళకి బతికేది కూడా. ఆ ఓవెన్‌లో మళ్ళీ రొట్టె కాల్చుకోవద్దు.

ఇప్పటి కొత్త యంత్రాల్లో నల్లతెర ఇంకా తమాషాగా తయారైంది. మొన్న బ్రాంప్టన్‌లో ఉన్న మా స్నేహితుడు స్వయంగా బిగించుకున్న పీసీ ఆన్ చేస్తే మూడు నిమిషాలు నల్లగా ఉందట. ఆపేశాడు. మళ్ళీ ఆన్ చేశాడు, మళ్ళీ ఆపేశాడు. పాపం, ఆ యంత్రానికి ఏ జబ్బూ లేదు. 2021 చివర్లో మొదలైన డీడీఆర్5 మెమరీని మొదటిసారి పెట్టినప్పుడు బోర్డు దానితో వేగాలూ వోల్టేజీలూ సర్దుబాటు చేసుకుంటుంది, దానికి నిమిషాలు పడుతుంది. ఆపిన ప్రతిసారీ మొదటికొస్తుంది. ఇంకొకటి, ఇంటెల్ ప్రాసెసర్లలో 2019 నుంచి పేరు చివర 'ఎఫ్' అని ఉన్నవాటిలో గ్రాఫిక్స్ ఉండదు. హెచ్‌డీఎమ్‌ఐ తీగని కార్డుకి కాకుండా బోర్డుకి తగిలిస్తే ఎంతసేపు చూసినా అంతే. తెర ముందు కూర్చుని దిగులుపడేముందు వెనక్కి వెళ్ళి తీగ ఎక్కడుందో చూడండి.

ఈ కాలపు బోర్డుల్లో చాలావాటి మీద కూతకి బదులు నాలుగు చిన్న లైట్లు ఉంటున్నాయి: ప్రాసెసరు, మెమరీ, వీడియో, బూట్. ఏది వెలిగి ఆగిపోతే అక్కడ గొడవ. ఏఎస్ రావు గారి కాలం నాటి దీపాలు తిరిగొచ్చినట్టే. పది బీపులు లెక్కపెట్టే బాధ లేదు, నిజంగానే సుఖం. కానీ ఆ లైట్లు కేబినెట్ లోపల, మూల, బియ్యపుగింజంత సైజులో ఉంటాయి. డెబ్భై ఏళ్ళ మనిషి ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో టార్చి పట్టుకుని, వంగి, ఏ రంగు లైటు ఏ అక్షరం పక్కన ఉందో వేల మైళ్ళ దూరంలో ఉన్నవాడికి చెప్పాలంటే కష్టం. స్పీకరు మాత్రం డబ్బాతో రావడం మానేసింది. బోర్డు మీద దానికి నాలుగు పిన్నుల చోటు చాలామంది ఇప్పటికీ ఇస్తున్నారు. వేలి కొసంత స్పీకరు, రెండు తీగలు, కొన్ని డాలర్లు. నేను రెండు తెప్పించాను. ఒకటి ఇక్కడ నా దాంట్లో బిగించాను. నాన్నకి ఈ ఏడాది కొత్త కంప్యూటరు కొంటున్నాం కాబట్టి రెండోది సంక్రాంతికి తెనాలి వెళ్ళేవాళ్ళెవరైనా సూట్‌కేసులో పెట్టుకుంటే పంపాలి.